సెంటర్‌ని కాస్త ఎదగనివ్వండి బాబూ

కెనడా ఐస్ హాకీ జట్టు మాంట్రియల్ కెనేడియన్స్‌కి సెంటర్ (మధ్యలో ఉండి ఆట నడిపేవాడు) లేడు, సెంటర్ లేడు అని ఏళ్ల తరబడి ఏడుపే, తీరా దొరికిన కుర్రాడిని మాత్రం కుదురుగా ఎదగనివ్వరు. 2012 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే చోట, మూడో పిక్ గాల్చెన్యుక్. ఓ రోజు సెంటర్, ఓ రోజు వింగ్ (పక్క స్థానం), 2015-16లో 30 గోల్స్ కొట్టాక కూడా అదే పాట, చివరికి 2018లో అరిజోనా జట్టుకి ఇచ్చేశారు. అదే ఏడాది మళ్లీ మూడో పిక్, ఈసారి కోట్కానియెమి, 18 ఏళ్లవాడు, ఫిన్లాండ్‌లో ఇంకో ఏడాది ఆడితే కొంపలేం మునిగేవి? సెంటర్ అంటే ఫేసాఫ్‌లు (ఆట మొదలయ్యేటప్పుడు బిళ్ల కోసం ఇద్దరి పోటీ) గెలవాలి, ఆ బిళ్ల, అదే పక్, పోతే వెనక్కి దూసుకొచ్చి సొంత గోల్ ముందు ముప్పై ఏళ్ల బండ మనుషులతో కుస్తీ పట్టాలి, ఒళ్లు గట్టిపడకుండా అయ్యే పనా అది! మొదటి సీజన్‌లో గోల్స్, అసిస్ట్‌లు కలిపి 34 పాయింట్లు చూసి మురిసిపోయారు, రెండో సీజన్‌లో కింది లీగ్ ఏహెచ్‌ఎల్‌కి దించారు, 2021లో కరొలైనా జట్టు 61 లక్షల డాలర్ల ఆఫర్ షీట్ (వేరే జట్టు ఆటగాడికి ఇచ్చే ఒప్పందం) పెడితే పోనీలే అని వదిలేశారు.

మరి ఇంకో సెంటర్ సుజుకి? 2017లో వేగస్ జట్టు 13వ పిక్‌గా తీసుకున్నవాడు, ట్రేడ్‌లో మాంట్రియల్‌కి వచ్చాడు, 2019 దాకా జూనియర్ లీగ్‌లోనే ఆడాడు, 2022లో కెప్టెన్ అయ్యాడు. ఇదంతా కళ్లముందే ఉన్నా, డ్రాఫ్ట్ అయిన మర్నాడే "అక్టోబర్‌లో సీజన్ మొదలవగానే ఆడించేయండి" అని అభిమానుల గోల మొదలు.