వాల్వ్ సైజు సరే, ఆ ఫ్లాష్ ఎవరు చేశారు?

పోయిన వారం ఒక రిలీఫ్ వాల్వ్ (ఒత్తిడి హద్దు దాటితే తెరుచుకుని లోపలున్నదాన్ని బయటికి వదిలే వాల్వ్) సైజు లెక్క నా దగ్గరికి చెకింగ్‌కి వచ్చింది. నలభై పేజీలు. సంతకాలు, రివిజన్ నంబర్లు, చివర్లో ఆరిఫైస్ లెటర్ (వాల్వ్ రంధ్రం సైజు చెప్పే అక్షరం), అన్నీ ముచ్చటగా ఉన్నాయి. మూడో పేజీలో ఒక లైను దగ్గర ఆగిపోయాను: "ఇన్‌లెట్ వద్ద వేపర్ ఫ్రాక్షన్ 0, కాబట్టి లిక్విడ్ సర్వీస్." అంటే ఆవిరి వంతు సున్నా, ఉన్నదంతా ద్రవమేనని. సలసలా మరుగుతున్న ద్రవం అది! "వాల్వ్ లోపలికెళ్లాక ఏమవుతుందో చూశావా బాబూ?" అని లెక్క చేసిన కుర్ర ఇంజనీర్‌ని అడిగితే, "ఫ్లాష్ అంతా సాఫ్ట్‌వేరే చేసుకుంటుంది కదా సార్" అన్నాడు. (ఒత్తిడి తగ్గగానే మరిగే ద్రవంలో కొంత ఆవిరైపోవడమే ఫ్లాష్; ఎంత ఆవిరవుతుందో లెక్కగట్టడాన్నీ అలాగే అంటాం.)

ఒళ్లు మండింది. పాపం, అతన్ని అని ఏం లాభం? ఆ రిపోర్టు మీద అతనికంటే ముందు ఇద్దరు సీనియర్లు సంతకాలు పెట్టారు.

ఆ సున్నా వాల్వ్ గుమ్మం దగ్గరి మాట. గుమ్మం దాటాక ఏమవుతుందో చూడ్డానికి సిమ్యులేటర్ అక్కర్లేదు, స్టీమ్ టేబుల్ (నీళ్లు, ఆవిరి గుణాల పట్టిక) చాలు. 10 బార్ అబ్సల్యూట్‌లో సాచురేటెడ్ (మరిగే అంచున ఉన్న) నీళ్లు తీసుకోండి, 180 డిగ్రీలు. ఎంట్రోపీ మారకుండా (అంటే వేడి ఇచ్చిపుచ్చుకోకుండా, రాపిడి నష్టం లేకుండా) 9 బార్‌కి దించండి. కేజీ నీళ్లలో ఆవిరయ్యేది పట్టుమని పది గ్రాములు. అంతేనా అనిపిస్తుంది. కానీ ఆ ఒత్తిడి దగ్గర ఆవిరి, అదే బరువున్న నీళ్లకంటే 190 రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అంటే ఒక్క బార్ తగ్గేసరికి మొత్తం వాల్యూమ్ 2.8 రెట్లు! బరువులో ఒక శాతం కూడా లేని ఆవిరి కథంతా మార్చేసింది.

దీన్నే లిక్విడ్ ఫార్ములాలో పెట్టి, బయట 1 బార్ అనుకుంటే, చదరపు మీటరుకు సెకనుకు సుమారు 40,000 కేజీలు పోతాయని వస్తుంది (అసలు వాల్వ్‌లో నష్టాలకు వాడే డిశ్చార్జ్ కోఎఫిషియెంట్ పక్కన పెట్టాను). ఫ్లాష్‌ని లెక్కలోకి తెచ్చి, ద్రవం, ఆవిరి ఒకే వేగంతో సమతుల్యంలో పోతున్నాయనుకుంటే వచ్చేది 6,500. వాల్వ్ లోపలి సన్నటి దారి, అంటే నాజిల్, 8.9 బార్ దగ్గరే చోక్ అయిపోతుంది, ప్రవాహం ఇక పెరగదు, బయట ఎంత ఒత్తిడి ఉందో దానికి పట్టదు. అంటే ఈ లెక్క ప్రకారం కావాల్సిన ఏరియాలో ఆరో వంతు వాల్వ్ పెట్టి, చేతులు దులుపుకున్నట్టే.

అలాగని ఫ్లాష్ చేస్తే చాలదు. ఇంకొకరు ఇన్‌లెట్ దగ్గర ఒకటి, 1 బార్ దగ్గర ఒకటి, రెండే పాయింట్లు పెట్టి మధ్యలో గీత గీసేశారు. వచ్చింది సుమారు 2,000. వాల్వ్ మూడు రెట్లు పెద్దదైంది. పెద్దదైతే మంచిదేగా అనకండి, మరీ పెద్ద వాల్వ్ టపటపా కొట్టుకుని సీటు పాడు చేసుకుంటుంది. మూడు లెక్కల్లోనూ ఫార్ములా మూలం ఒకటే, ఒత్తిడితో పాటు మారే స్పెసిఫిక్ వాల్యూమ్‌ని (ఒక కేజీ ఆక్రమించే చోటుని) కూడడం. మారిందల్లా ఆ వాల్యూమ్ ఎక్కణ్ణుంచి తెచ్చారన్నదే.

"వాల్వ్ అంటే ఎంథాల్పీ (ద్రవం మోసుకెళ్లే ఉష్ణశక్తి) మారదు కదా" అని ఇంకో వాదన. పైపు నుంచి పైపుకి చూస్తే నిజమే. నాజిల్ గొంతు దగ్గర మాత్రం ఎంథాల్పీలో కొంత భాగం ప్రవాహ వేగం రూపంలోకి మారి ఉంటుంది, అందుకే ఎంట్రోపీ పట్టుకోవాలి. నిజం చెప్పాలంటే, నీళ్లకి 9 బార్ దగ్గర రెండు దారుల్లోనూ ఆవిరి దాదాపు అంతే వస్తుంది. 1 బార్ దాకా దించితే ఎంట్రోపీ దారిలో 13.8 శాతం, ఎంథాల్పీ దారిలో 15.3. గ్యాస్ ఎక్కువున్న మిశ్రమాల్లో ఈ పొరపాటు బాగా కొరుకుతుంది.

లియంగ్ అనే ఇంజనీర్ 1986లో మొదలుపెట్టిన ఒమేగా పద్ధతి (వాల్యూమ్ పెరిగే తీరుని ఒక్క అంకెలో చెప్పేది) తర్వాతి రూపంలో, ఇన్‌లెట్ ఒత్తిడిలో 90 శాతం దగ్గర ఒక్క ఫ్లాష్ చేస్తే పనైపోతుంది. నాకూ ఇష్టమే. కానీ బాయిలింగ్ రేంజ్ (తేలిగ్గా మరిగే భాగానికీ, కష్టంగా మరిగే భాగానికీ మధ్య ఉష్ణోగ్రత తేడా) మరీ ఎక్కువున్న మిశ్రమానికి, ద్రవం, ఆవిరి తేడా చెరిగిపోయే క్రిటికల్ పాయింట్ దగ్గరికి వచ్చినదానికి దాన్ని గుడ్డిగా నమ్మలేం. అక్కడ ఓపిగ్గా పాయింట్ తర్వాత పాయింట్ ఫ్లాష్ చేయాల్సిందే. వేపర్‌కి వేరే, లిక్విడ్‌కి వేరే ఏరియా కట్టి కూడే పాత అలవాటు గురించి మాట్లాడను, బీపీ పెరుగుతుంది.

ఆ అబ్బాయికి స్టీమ్ టేబుల్ ఇచ్చి పంపాను. మర్నాడు పొద్దున్నే షీట్‌తో వచ్చాడు: 9.6, 9.3, 9.0, 8.9, 8.8... ఒక్కో ఒత్తిడి దగ్గర ప్రవాహం నంబరు పెరిగి, ఆగి, తగ్గడం మొదలైన చోట పెన్సిల్‌తో సున్నా చుట్టాడు. తర్వాత తన కేసు కూడా అలాగే చేసుకొచ్చాడు, వాల్వ్ ఒక్కటి సరిపోవట్లేదు. ఇప్పుడిద్దరం కూర్చుని పాత ఫైళ్లలో ఆ "వేపర్ ఫ్రాక్షన్ 0" లైను ఇంకా ఎక్కడెక్కడ ఉందో వెతుకుతున్నాం. ఇప్పటికి మూడు దొరికాయి.