గార పళ్లు, పటిక బకెట్, చింతపండు

నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు నడివయసు మనిషి నవ్వితే, చిన్నప్పుడు ఏ నీళ్లు తాగాడో పళ్లే చెప్పేస్తాయి. సుద్ద పూసినట్టు తెల్లమచ్చలు, మధ్యలో గోధుమరంగు చారలు. ఎంత తోమినా పోవు. పైన పట్టిన గార అయితే కదా పోవడానికి! చిగుళ్ల కింద పన్ను తయారవుతున్నప్పుడే పడిన మచ్చ అది. పంటి గట్టి పైపొర ఎనామిల్‌ను కట్టే కణాలు పన్ను బయటికొచ్చే సరికే మాయమవుతాయి. ఆ తర్వాత మంచినీళ్లు తాగినా చెడిన ఎనామిల్ మళ్లీ కట్టుకోదు.

బోరు నీళ్లలో ఫ్లోరైడ్ అనే లవణం ఎక్కువై వచ్చే ఈ జబ్బు పేరు ఫ్లోరోసిస్. మనకు కొత్తది కాదు. నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ఉందని 1937లోనే వైద్య పత్రికలో రాశారు. విరుగుడుగా నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970లలో తెచ్చిన పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు పడింది. నీళ్లలో సున్నం, పటిక వేసి కలిపితే మెత్తటి తెట్టెలు కడతాయి. అవి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కి దిగుతాయి. పైన తేరిన నీళ్లు వంచుకోవడమే.

కెమిస్ట్రీలో తప్పేం లేదు. చిక్కంతా బకెట్ దగ్గరే. పటిక ఎంత వెయ్యాలన్నది ఆ నీళ్లలోని ఫ్లోరైడ్‌ను, క్షారగుణాన్ని బట్టి మారుతుంది. తక్కువైతే ఫ్లోరైడ్ మిగులుతుంది, ఎక్కువైతే పటికలోని అల్యూమినియం మిగులుతుంది. కూలికి వెళ్లే ఇల్లాలు పొద్దున్నే ఈ కొలతలు చూసుకుని, నీళ్లు తేరేదాకా కూర్చోవాలంటే ఎన్నాళ్లు చేస్తుంది? ఈ పద్ధతి తూర్పు ఆఫ్రికా దాకా వెళ్లింది. నల్లగొండకు మాత్రం చివరికి కృష్ణా నీళ్లే దిక్కయ్యాయి.

ఎముకలు కాల్చి చేసిన బొగ్గుతో నీళ్లు వడకట్టే పద్ధతి కథ ఇంకా తమాషా. పన్నూ ఎముకా దాదాపు ఒకే ఖనిజం, అందుకే ఆ బొగ్గు ఫ్లోరైడ్‌ను ఇట్టే లాగేస్తుంది. కానీ ఏ పశువు ఎముకో తెలియని బొగ్గులోంచి వచ్చిన నీళ్లు తాగమంటే మన ఇళ్లలో ఎంతమంది ముట్టుకుంటారు?

ఇక చింతపండు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు బడిపిల్లలకు రోజూ 10 గ్రాముల చింతపండు 18 రోజులు తినిపించి చూశారు. మూత్రంలో పోయే ఫ్లోరైడ్ పెరిగిందని 2002లో ప్రచురించారు. మంచి ఫలితమే. కానీ వాట్సాప్‌కి ఎక్కేసరికి అది ‘పులుసు తింటే ఫ్లోరోసిస్ మాయం’ అయి కూర్చుంటుంది. వాళ్లు కొలిచింది ఒంట్లోంచి బయటికి పోయే ఫ్లోరైడ్‌ను. పంటి మచ్చ మానుతుందని వాళ్లు అనలేదు.

నా లెక్కలో ఈ పరిశోధనలన్నిటికీ మార్కులు వెయ్యాల్సింది పత్రికల్లో కాదు, బడిలో. కుళాయికి కృష్ణా నీళ్లు వచ్చాక పుట్టిన పిల్లలకు పాలపళ్లు ఊడి కొత్తవి వస్తున్నాయి. దంత వైద్యుడు టార్చిలైటు వేసి ఆ ముందుపళ్లు చూడాలి. ఇంట్లో అన్నం, పప్పు ఏ నీళ్లతో ఉడుకుతున్నాయో కూడా అడగాలి. తాగడానికి కుళాయి నీళ్లు, వంటకు బోరు నీళ్లు అయితే, ఆ మచ్చ ఇంకా వస్తూనే ఉంటుంది.