పాలసీ చదవకుండా దిగులు పడుతున్న పిల్లలు

బీమా కంపెనీలను ఆడిపోసుకోవడం ఈమధ్య అందరికీ అలవాటైపోయింది. పిల్లల మానసిక చికిత్సకు క్లెయిము ఇవ్వరట, కాగితాల కోసం తిప్పుతారట. విషయాన్ని నిష్పక్షపాతంగా పరిశీలించాను. తప్పంతా పిల్లలదే. పద్నాలుగేళ్లు నెత్తిమీదికొచ్చినా పాలసీ డాక్యుమెంటు ఒక్కసారి తిరగేసిన పాపాన పోరు. ఇష్టమొచ్చినప్పుడు, ఇష్టమొచ్చినట్టు దిగులు పడతారు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం 13 నుంచి 17 ఏళ్ల వాళ్లలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. వాళ్లలో ఎంతమంది ముందుగా షరతులు చదివారో సర్వేవాళ్లు అడిగినట్టు లేరు.

చట్టం తన వంతు చేసింది. ఒంటి జబ్బుకు ఏ ప్రాతిపదికన బీమా ఇస్తారో మనసు జబ్బుకూ అదే ప్రాతిపదికన ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 21(4) సెక్షన్ చెబుతోంది. అది 2018 మే 29న అమల్లోకి వచ్చింది. ఆ ఆగస్టులోనే బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ వారు ‘తక్షణం పాటించండి’ అని కంపెనీలకు సర్క్యులర్ పంపారు. ఎంత తక్షణం పాటించారంటే, 2022 అక్టోబరులో ‘ఈ నెలాఖరులోగా పాటించండి’ అని మళ్లీ పంపాల్సి వచ్చింది.

ఇప్పుడు సమానత్వానికి ఢోకా లేదు. ఒంట్లో బాగాలేకపోతే సాధారణంగా 24 గంటలు ఆస్పత్రి మంచం మీద ఉంటేనే డబ్బులు. మనసు బాగాలేకపోయినా అంతే. ఇంతకంటే సమానంగా ఎవరు చూస్తారు చెప్పండి? గొడవల్లా ఈ పిల్లల జబ్బుతోనే. దానికి మంచం అక్కర్లేదు, కుర్చీ చాలు. వారానికోసారి కౌన్సెలర్ ఎదురుగా ముప్పావుగంట కూర్చుంటారు. అందులో అరగంట చున్నీ అంచు మెలిపెడుతూనో, గోళ్లు గిల్లుకుంటూనో గడిపి, తీరా టైమైపోతుండగా అసలు సంగతి చెప్పి లేచి ఇంటికెళ్లిపోతారు. నెలల తరబడి ఇదే తంతు. ఇదంతా ఓపీ కిందికి వస్తుంది. చాలా పాలసీల్లో ఓపీ ఉండదు. కావాలంటే రైడరని వేరే అదనపు కవరు, దానికో ప్రీమియం, మళ్లీ దానికో పరిమితి. కొన్నింట్లోనైతే కౌన్సెలర్‌గారు ‘డాక్టరు’ అనే నిర్వచనంలోకే రారు. మాట్లాడితే నయమయ్యే రోగాన్ని రోగమని ఎలా ఒప్పుకుంటారు పాపం!

సరే, ఒక పిల్ల పాలసీని గౌరవించి, బాగా ముదిరేదాకా ఓపిక పట్టి, ఆస్పత్రిలో చేరిందనుకోండి. కంపెనీ తరఫున క్లెయిములు చూసే టీపీఏ సంస్థ నుంచి ప్రశ్న వస్తుంది: ‘ఓపీలో అయ్యే చికిత్సే కదా, అడ్మిషన్ ఎందుకు అవసరమైందో డాక్టరుతో రాయించి పంపగలరు.’ చేరింది వైద్య పరీక్షల కోసమేనని తేల్చి డబ్బులు ఆపడానికి పాలసీలో ఎక్స్‌క్లూజన్ 04 అనే మినహాయింపు ఉండనే ఉంది. అంటే తక్కువ జబ్బయితే ఓపీ, ఎక్కువ జబ్బయితే అనుమానం. ఈ రెంటికీ నడుమ క్లెయిముకు అర్హమైన దిగులు ఒక సన్నటి గీతంత ఉంటుంది. దానిమీద నిలబడటం పిల్లలకు ఎనిమిదో తరగతి నుంచే నేర్పాలని నా ప్రతిపాదన.

పాఠ్యాంశాల్లో వెయిటింగ్ పీరియడ్‌కు పెద్దపీట వేయాలి. ముందునుంచీ ఉన్న జబ్బుకు గరిష్ఠంగా 36 నెలలు ఆగమనవచ్చు. పద్నాలుగో ఏట డిప్రెషన్ అని డాక్టరు రాసిన పిల్లకు ఆ తర్వాత పాలసీ తీసుకున్నారా, ఇంటర్ అయ్యేదాకా ఆ డిప్రెషన్‌ను జాగ్రత్తగా కాపాడుకోవాలి. పోనీ పాలసీ కోసం నింపే ప్రపోజల్ ఫారంలో ఆ సంగతి రాయకుండా దాచేద్దామని ఏజెంటు సలహా ఇస్తాడు. ‘ఏం కాదు సార్, అందరూ చేసేదే.’ క్లెయిము నాడు ఆ ఏజెంటు ఫోనెత్తడు. దాచిన పాపానికి పాలసీయే రద్దు కావచ్చు.

కొందరు తల్లిదండ్రులు మరీ బరితెగిస్తున్నారు. వాళ్ల ఆగడాలు ఇక్కడ బయటపెట్టక తప్పదు. క్లెయిము కుదరదని ఫోన్లో చెబితే నోరుమూసుకుని పెట్టేయకుండా, ‘ఏ క్లాజు కింద కుదరదో రాసివ్వండి’ అంటున్నారు. ఐఆర్‌డీఏఐ 2024 మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్లెయిముల సమీక్షా కమిటీ ఒప్పుకోకుండా తిరస్కరించకూడదనీ, ఏ షరతు ప్రకారమో చెప్పాలనీ గుర్తుచేస్తున్నారు. జవాబులో 21(4) ఉటంకిస్తున్నారు. ‘కావాలని చేసుకున్న గాయం’ అని కొట్టేస్తే ఊరుకోవడం లేదు. ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలన్న అదే చట్టంలోని 115వ సెక్షన్ చూపిస్తున్నారు. ఆ ఒక్క విషయంలో మాత్రం వాళ్లతో వాదించడానికి నాకు మనసొప్పలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాస్తారు, ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్లో పెడతారు. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఏడాదిలోగా బీమా తగాదాలు తేల్చే అంబుడ్స్‌మన్ దగ్గరికెళతారు. రెండు తెలుగు రాష్ట్రాలకూ హైదరాబాద్‌లోనే ఆఫీసు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా ఇప్పించే అధికారం ఉంది. కంపెనీ తరఫు పెద్దమనిషి ఎదుట ఒక మామూలు తల్లి ప్లాస్టిక్ కవర్లోంచి డిశ్చార్జి సమ్మరీ, ప్రిస్క్రిప్షన్లు, తేదీలవారీగా ఈమెయిళ్లు తీసి బల్లమీద పరుస్తుంది. చూడటానికే అమానుషంగా ఉంటుంది.

ప్రభుత్వం కూడా తక్కువ తినలేదు. 2022 అక్టోబరు 10న టెలిమానస్ అని మానసిక సాయానికి ఒక ఫోన్ లైను మొదలుపెట్టింది. 14416కు ఏ వేళప్పుడైనా, తెలుగులోనే, ఉచితంగా ఫోన్ చేయొచ్చట. అవతలివాళ్లు పాలసీ నంబరు అడగరు, వెయిటింగ్ పీరియడ్ అయిందా అనరు. పేరు చెప్పకపోయినా పట్టించుకోరు. ఏమైంది నాన్నా అని అడిగి, చెప్పింది వింటారు. ఇంత బాధ్యతారహితంగా వ్యవహరిస్తే రేపు పిల్లలు ప్రపోజల్ ఫారం నింపుతారా?