రాతిగోడ గొప్పదే, సీసా మూత మీది గుర్తు ఇంకా గొప్పది

ఆస్ట్రియా వైన్ గురించి ఎవరు రాసినా డాన్యూబ్ నది ఫొటోతోనే మొదలుపెడతారు. మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా నది వెంట 36 కిలోమీటర్లు సాగే వాఖావ్ లోయ 2000లో యునెస్కో జాబితాకెక్కింది. అందంగానే ఉంటుంది, కాదనను. కానీ నన్నడిగితే ఆ లోయ పేరు నిలబెట్టింది నేలా కాదు, గాలీ కాదు. కట్టుబాటు.

నేలే అసలు విషయం అనేవాళ్ల దగ్గరా సరుకుంది. తూర్పు మైదానాల నుంచి వెచ్చటి గాలి వస్తుంది, ఉత్తరాన కొండల్లోంచి రాత్రిళ్లు చలి దిగుతుంది. పగలు తీపి పట్టిన ద్రాక్ష రాత్రి పులుపు పోగొట్టుకోదు. పైన రాతి నేలల్లో రీస్లింగ్ రకం ద్రాక్ష, కింద మెత్తటి మట్టిలో మిరియాల ఘాటు తగిలే గ్రూనర్ వెల్ట్‌లీనర్. బాగుంది. 1985లో ఆస్ట్రియా వైన్ కల్తీ బయటపడినప్పుడూ ఇదే నేల, ఇదే గాలి. ఏం కాపాడాయి?

ఆ కొండవాలు ద్రాక్షతోటల గోడలు చూడండి. సున్నం లేదు, సిమెంటు లేదు, రాయి మీద రాయి పేర్చారంతే. వాననీరు సందుల్లోంచి జారిపోతుంది, పగటి ఎండ వేడి రాత్రి తీగకి అందుతుంది. ఎక్కడైనా ఉబ్బిందా, ఆ ముక్క విప్పి చేత్తో మళ్లీ పేర్చుకోవాల్సిందే. ఆ రాళ్ల మీద ఎండ కాచుకునే పచ్చబల్లి పేరు స్మారగ్డ్. బాగా పండిన ద్రాక్షతో చేసే ఖరీదైన వైన్‌కి ఆ పేరే పెట్టుకున్నారు. అందులో ఆల్కహాల్ 12.5 శాతానికి తగ్గకూడదు. తేలికపాటి స్టైన్‌ఫెడర్ రకం వైన్‌లో 11.5 దాటకూడదు. చక్కెర కలపకూడదు. ఇవి సర్కారు రుద్దిన రూల్స్ కావు. 1983లో వీనియా వాఖావ్ అని సంఘం కట్టుకున్న రైతులు తమకి తామే పెట్టుకున్నవి. ఆ సంఘం పుట్టింది కల్తీ కుంభకోణం బయటపడటానికి రెండేళ్ల ముందే!

ఆ కథ తెలిసిందే. వైన్ తియ్యగా, చిక్కగా అనిపించాలని కొందరు డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనం కలిపారు. 1985లో దొరికిపోయారు. కలిపింది కొందరు, పరువు పోయింది దేశమంతటికీ, ఎగుమతులు కుప్పకూలాయి. దాంతో ఎవరూ చనిపోయినట్టు లెక్కల్లో లేదు. అయినా అదే ఏడాది కఠినమైన చట్టం తెచ్చారు. నాణ్యమైన వైన్ అని అమ్మాలంటే సర్కారు ల్యాబ్ పరీక్షలో నెగ్గాలి, రుచి చూసేవాళ్లూ ఒప్పుకోవాలి, ఆ పరీక్ష నంబర్ సీసా మీద ఉండాలి. మూత మీద ఎరుపు, తెలుపు, ఎరుపు పట్టీ ఆ హామీకి గుర్తు.

ఆ రసాయనం పేరు ఎక్కడో విన్నట్టుందా? మన దగ్గు మందుల వార్తల్లో. ఆస్ట్రియా గొడవ జరిగిన మరుసటి ఏడాదే, 1986లో, ముంబై జేజే ఆస్పత్రిలో అదే విషం కలిసిన గ్లిజరిన్‌తో 14 మంది పోయారు. 2020లో జమ్మూలో పిల్లలు. ప్రతిసారీ కమిటీ, ప్రతిసారీ టెన్షన్, నెల తిరిగితే మరుపు. మన దగ్గు సిరప్‌తో ముడిపడ్డ గాంబియా పిల్లల చావులతో ప్రపంచం ముందు తలవంచుకున్నాక, 2023 జూన్ నుంచి విదేశాలకి పంపే దగ్గు సిరప్‌కి మాత్రం ముందుగా ల్యాబ్ పరీక్ష తప్పనిసరి చేశారు.

2025లో మధ్యప్రదేశ్ పిల్లలు తాగింది ఎగుమతి సరుకు కాదు.