తోపుడు బండి రెండు, కారు ఒకటి

మా మేనల్లుడు నడకలో మాస్టర్స్ చేస్తున్నాడు. డిగ్రీ కాగితం మీద మాత్రం 'సస్టైనబుల్ అర్బన్ ట్రాన్స్‌పోర్ట్ అండ్ మొబిలిటీ' అని ఉంటుందట. తెలుగులో సుస్థిర నగర రవాణా. సుస్థిరం అంటే కదలకుండా నిలిచి ఉండేది కాబట్టి, సాయంత్రం ఆరింటికి మన శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్‌లో ఉన్నదే అసలు సిసలు సుస్థిర రవాణా అన్నాను. వాడు నవ్వలేదు. బ్యాంకు లోను తీసుకుని చదివేవాళ్లు అంత తొందరగా నవ్వరు.

థీసిస్ కోసం శ్రీకాకుళం వచ్చాడు. మొదటి పాఠం రైలు దిగగానే మొదలైంది. వాళ్ల సిలబస్‌లో 'లాస్ట్ మైల్ కనెక్టివిటీ' అని ఒకటుంది. అంటే రైలు దిగినవాడు ఇల్లు చేరే ఆఖరి మైలు. మన ఊరి పేరు పెట్టుకున్న శ్రీకాకుళం రోడ్ స్టేషనేమో ఆమదాలవలసలో ఉంది. అక్కణ్ణించి ఊళ్లోకి రావాలంటే పది కిలోమీటర్లు దాటాలి. మైలంటే 1.6 కిలోమీటర్లని చదువుకున్న కుర్రాడు రెండు సూట్‌కేసులతో ఆటో బేరమాడుతూ ఆఖరి మైలు పొడవెంతో తెలుసుకున్నాడు. స్టేషన్ పేరులోనే 'రోడ్' అని ముందే చెప్పారు కదా, ఇందులో మోసమేమీ లేదు.

'మోడ్ షిఫ్ట్' అని ఇంకో పాఠం. జనాన్ని ఒక వాహనం మాన్పించి ఇంకోటి ఎక్కించడం ఎలా అన్నది దాని సారాంశం. 2025 ఆగస్టు 15న ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం అయ్యాక వాళ్లమ్మ, అంటే మా అక్క, మళ్లీ ఆటో ఎక్కలేదు. ఆ పాఠం ఆవిడ ఒక్క పూటలో పాసయింది, లోను లేకుండా.

ఫుట్‌పాత్ సంగతి త్వరగా చెప్పి వదిలేస్తాను. రోడ్ల కొలతలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 నాటి నియమాల ప్రకారం నడిచేవాడికి ఏ అడ్డూ లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు వదలాలి. వాడు టేపు పెట్టి కొలిచాడు. ట్రాన్స్‌ఫార్మర్, మూడు బైకులు, పునుగుల బండి, దాని ముందు స్టూలు తీసేస్తే టేపు పట్టుకున్నవాడి పాదాలు మాత్రం పట్టాయి. ఆ స్టూలు మీద కూర్చున్నది నేనే. పునుగులు వేడిగా ఉన్నాయి, లేవలేకపోయాను.

అసలు పని ఏడు రోడ్ల జంక్షన్‌లో, బళ్లను లెక్కపెట్టడం. అన్ని బళ్లూ ఒక్కటి కావు కాబట్టి అన్నిటినీ కార్లలోకి మార్చి కొలుస్తారట. దాన్ని పీసీయూ, అంటే ప్యాసింజర్ కార్ యూనిట్, అంటారు. 1990లో అచ్చయిన పట్టిక ప్రకారం కారు ఒకటి. బైకు అర. ఆటో 1.2. బస్సు 2.2. తోపుడు బండి 2. రోడ్డు మీద తోపుడు బళ్ల వాటా పెరిగితే అది 3 కూడా అవుతుంది. నెమ్మదిగా వెళ్లి వెనకవాళ్లను ఆపుతుంది కాబట్టి అంత విలువట. ఎవర్ని ఆపుతుంది? కారుని. ఎవరి లెక్క? కారుది. యాభై మందిని మోసే బస్సూ, నాలుగు అరటి గెలలు మోసే బండీ ఇంచుమించు సమానం.

ఈ గౌరవం ఆ అరటిపళ్లాయనకు తెలియకపోవడం అన్యాయం అనిపించి, "నీ బండి రెండు కార్లతో సమానం" అని చెప్పాను.

"అలాగైతే ఒకటి నాకిచ్చీమనండి బాబూ, రెండోది ఆళ్లనే ఉంచుకోమనండి."

మేనల్లుడు నాకు ఆటోల గడి అప్పగించాడు. మొదటి ఆటోలో వెనక అయిదుగురు, ముందు డ్రైవరుకి అటొకరు ఇటొకరు, వెనక చెక్క మీద చేపల బుట్టలతో ఇద్దరు. తొమ్మిది అని వేశాను.

"మావయ్యా, మనుషుల్ని కాదు, బళ్లని లెక్కపెట్టాలి. ఒక్క గీత చాలు."

"2006లో కేంద్ర ప్రభుత్వం రవాణా విధానమని ఒకటి తెచ్చింది, కదలాల్సింది మనుషులు, బళ్లు కాదని అందులో రాశారు అని నువ్వే కదరా చెప్పావు?"

"అది పాలసీ పేపరు మావయ్యా. ఇది ట్రాఫిక్ ఇంజనీరింగ్ పేపరు."

రెండు పేపర్లూ ఒకే డిగ్రీలో ఉన్నాయని గుర్తు చేయబోయాను గాని, కుర్రాడికి అసలే టెన్షన్. తొమ్మిది కొట్టేసి గీత గీశాను.

ఒంటిగంటకు వాడి స్నేహితుణ్ణి మా చోట కూర్చోబెట్టి భోజనానికి బయల్దేరాం. వచ్చిన షేర్ ఆటోలో అప్పటికే ఏడుగురున్నారు. "ఇంకా ఇద్దరికి ఖాళీ ఉంది, సర్దుకోండమ్మా" అన్నాడు డ్రైవరు. నేను సగం సీటు మీద, సగం గాల్లో. మాస్టర్స్ వెనక చెక్క మీద, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని. జంక్షన్ దాటుతుంటే ఆ స్నేహితుడు మమ్మల్ని గుర్తుపట్టి చెయ్యి ఊపాడు. ఆ చేత్తోనే పెన్ను తీసి కాగితం మీద ఒక గీత గీశాడు.