ఫోన్ ఎత్తని ఓటరుపై అభియోగ పత్రం

అమెరికా అధ్యక్ష ఎన్నికలు ముగిసిన ప్రతిసారీ సర్వే సంస్థలను ఆడిపోసుకోవడం లోకానికి అలవాటైపోయింది. ఇది ఘోర అన్యాయం. లెక్క ఎన్నడూ తప్పలేదు, తప్పింది ఓటర్లే. సాక్ష్యాలు చిత్తగించండి.

1936లో లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటి మందికి నమూనా బ్యాలట్లు పంపితే దాదాపు 24 లక్షలు తిరిగొచ్చాయి. వాటి ప్రకారం రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలిచేశాడు. చిరునామాలు ఎక్కువగా ఫోను, కారు ఉన్నవాళ్లవి. మాంద్యం రోజుల్లో అవి లేనివాళ్లకు కూడా ఓటు ఉంటుందని ఎవరనుకుంటారు? ఆ లేనివాళ్లే పోయి 48 రాష్ట్రాల్లో 46 ఆయన ప్రత్యర్థి రూజ్‌వెల్ట్ చేతిలో పెట్టారు. పత్రిక రెండేళ్లకే మూతపడింది.

ఇప్పుడంతా శాస్త్రీయం. వెయ్యిమందిని అడిగితే చాలు, పొరపాటు అటూ ఇటూ 3 పాయింట్లు, అంటే నూటికి మూడు. దాన్ని సగం చేయాలంటే నాలుగు వేలమంది కావాలి, నాలుగింతల ఖర్చవుతుంది. పైగా ఆ 3 ఒక్కో అభ్యర్థి వాటాకు; ఇద్దరి మధ్య తేడాకు దాదాపు 6. ‘రెండు పాయింట్ల ఆధిక్యం’ అని పతాక శీర్షిక పెట్టేవారికి ఈ సంగతి చెప్పి మనసు నొప్పించకండి.

అసలు నేరం ఫోన్ దగ్గరే. ప్యూ సంస్థ ఫోన్ సర్వేల్లో 1997లో నూటికి 36 మంది పలికేవారు, 2018కి ఆరుగురే మిగిలారు. మెతుకు పట్టి చూసే విద్య ఇది. 94 మెతుకులు చేతికే చిక్కకపోతే వంటవాడేం చేస్తాడు? దొరికినవాటికే బరువు కడతాడు. కుర్రాళ్లు తగ్గితే, పలికిన కుర్రాడి మాటను రెండుమూడు రెట్లు లెక్కిస్తాడు. వయసు సర్దితే జాతి చెదురుతుంది, జాతి సర్దితే ప్రాంతం. జనాభా లెక్కలతో కుదిరేదాకా మళ్లీ మళ్లీ సర్దుతూ పోవడమే. 2016లో ఒక సర్వేలో ఇలినాయ్‌కి చెందిన 19 ఏళ్ల నల్లజాతి యువకుడికి సగటు మనిషికి 30 రెట్ల బరువు పడింది. అతను ట్రంప్ మనిషి. సుమారు మూడు వేల మందిలో ఆ ఒక్కడే దేశం మొత్తాన్ని ఒక పాయింటు జరపగలిగాడు! ప్రజాస్వామ్యంలో ఇంత పలుకుబడి సెనేటర్లకైనా ఉందా?

అదే ఏడాది చాలా రాష్ట్రాల సర్వేల్లో చదువును సర్దడం మరిచారు. డిగ్రీ ఉన్నవాళ్లు ఫోన్లో ఓపిగ్గా మాట్లాడతారు, వాళ్ల మొగ్గు ట్రంప్ ప్రత్యర్థి హిల్లరీ క్లింటన్ వైపు. విస్కాన్సిన్‌లో సగటున ఆరు పాయింట్ల పైచిలుకు ముందున్న ఆమె, ఒక పాయింటు కూడా లేని తేడాతో ఓడింది. ట్రంప్‌కు 240 మంది ఎలక్టర్లు (అధ్యక్షుణ్ని ఎన్నుకునే రాష్ట్రాల ప్రతినిధులు) దాటితే పురుగు తింటానని ప్రతిన పట్టిన ప్రిన్స్‌టన్ ఆచార్యుడు శామ్ వాంగ్, టీవీలో కీచురాయిని తిని మాట నిలుపుకున్నాడు. ఇంత చక్కటి సంప్రదాయాన్ని మిగతావాళ్లు అందుకోలేదు.

2020లో చదువునూ సర్దారు. అయినా జాతీయ సర్వేల పొరపాటు 40 ఏళ్లలోకెల్లా పెద్దదైంది. పలికిన డిగ్రీలేని ఓటరూ, పలకని డిగ్రీలేని ఓటరూ ఒకేలా ఆలోచించకపోతే ఎంత బరువు కట్టినా దండగే.

కాబట్టి 2024కల్లా చాలామంది గత ఎన్నికల్లో ఎవరికి వేశారో అడిగి, దానికి తగ్గట్టు అంకెలు దిద్దారు. కీలక రాష్ట్రాల్లో అన్ని సంస్థల జవాబులూ పక్కవాడి పేపరు చూసి రాసినట్టు సమానంగా వచ్చాయి. అయోవా రాష్ట్రంలో సర్వేలు చేసే ఆన్ సెల్జర్ మాత్రం గత ఓటుకు తగ్గట్టు దిద్దకుండానే అచ్చేయించింది: ట్రంప్ ప్రత్యర్థి కమలా హారిస్‌కు 3 పాయింట్ల ఆధిక్యం. ట్రంప్ అక్కడ 13 పాయింట్లతో గెలిచి, డిసెంబరులో ఆమెపై దావా వేశాడు. ఓడినవాళ్లు సర్వేలను తిట్టడం మామూలే. గెలిచినవాడు కోర్టుకెక్కడం కొత్త.