హీరోయిన్‌లా లేదంట!

నిన్న తిరుపతి బస్టాండులో చిత్తూరు బస్సు కోసం కూర్చుని ఉన్నాను. పక్కన ఇద్దరు ఫోన్‌లో 'అమరన్' సినిమా ఫొటోలు చూస్తున్నారు. మేజర్ ముకుంద్ వరదరాజన్ భార్య పాత్రలో సాయి పల్లవి, ఆ పక్కనే అసలు ఆమె. "ఈమేనా? సినిమాలో అంత బాగుండె, ఈడేంది ఇట్టుంది?" అన్నాడొకాయన. రెండో ఆయన నవ్వాడు. నాకు కడుపు రగిలిపోయింది.

2014 ఏప్రిల్‌లో కాశ్మీర్‌లోని షోపియాన్‌లో మేజర్ ముకుంద్ ప్రాణం పోయింది. 2015 జనవరి 26న ఆయనకిచ్చిన అశోకచక్ర శౌర్య పురస్కారాన్ని ఢిల్లీలో ఆమే అందుకున్నారు. అలాంటి మనిషి మొహంలో మనం వెతకాల్సింది మేకప్పా? సినిమాకి నటిని ఎంచుకుంది డైరెక్టర్. ఈమె ఆడిషన్‌కేమీ రాలేదు కదా!

2022లో 'మేజర్' సినిమా వచ్చినప్పుడూ ఇంతే. మేజర్ సందీప్ ఉన్నికృష్ణన్ అమ్మానాన్నలు, సినిమాలో ఆ పాత్రలు వేసిన రేవతి, ప్రకాష్ రాజ్‌లా లేరని మా చుట్టాలింట్లోనే అన్నారు. 2008 ముంబై దాడుల్లో ఒక్కగానొక్క కొడుకుని పోగొట్టుకున్న వాళ్ళు వాళ్ళు. ఎవరిలాగా ఉండాలి?

మన ఊళ్ళో రోజూ వేలమంది గుండ్లతో కొండ దిగుతారు. ఆడవాళ్ళూ ఉంటారు. వాళ్ళను చూసి ఎవరైనా అందం లెక్కేస్తామా? మొక్కు తీర్చుకున్నారని దారిస్తాం. ఆ మర్యాద ఫోన్ చేతిలోకి రాగానే ఎక్కడికి పోతుంది?

ఉండబట్టలేక అడిగేశాను. "అన్నా, ఆమె భర్తను పోగొట్టుకున్న మనిషి. అట్ట మాట్లాడొద్దన్నా." ఆయన ఏమీ అనలేదు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.